ఒక్క చుక్క చెమట పట్టని పెళ్ళి

నాకు చెమట ఎక్కువ. మామూలు ఎక్కువ కాదు. ఫాల్గుణంలో మొదలైందంటే మళ్ళీ కార్తీకం దాకా నా ఒంటి మీద కండువా పొడిగా ఉన్న రోజుండదు. మాది రామచంద్రపురం, పౌరోహిత్యం మా ఇంటి వృత్తి. పెళ్ళి ముహూర్తాలన్నీ సరిగ్గా ఎండలు మండే నెలల్లోనే పెట్టిన పెద్దల మీద నాకు మొదటినుంచీ కొంచెం కోపమే. పట్టుపంచె కట్టుకుని, షామియానా కింద, హోమగుండం ముందు కూర్చుని, నాలుగు గంటలు గొంతెత్తి మంత్రం చెప్పాలి. పైగా వీడియో అతని లైటొకటి, సరిగ్గా మొహం మీదికి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా ఊళ్ళోకి వస్తున్న రోజుల సంగతిది. ఇప్పుడు భయం పోయింది కాబట్టి నవ్వుతూ చెబుతున్నాను. నాలాంటి తెలివైనవాడు ఇంకొకడు ఎక్కడైనా ఉంటే ఇదే పని చేస్తాడేమోనని రాసి పెడుతున్నాను.

ముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు పెళ్ళి చేయించేటప్పుడు తలంబ్రాలు పడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. నేనూ ముప్ఫై ఏళ్ళుగా అదే పాటిస్తూ వచ్చాను. చుట్టుపక్కల ఊళ్ళలో నన్ను పిలిచేదే అందుకు. "ఆయన నిప్పండీ" అనేవారు. ఆ మాట వింటే నాకు లోపల మహా సంతోషంగా ఉండేది. అయితే పొద్దున్నే సంధ్యావందనం అయ్యాక ఇంట్లో ఓ చెంబుడు నీళ్ళు, పెద్ద గ్లాసుతో మజ్జిగ తాగి మరీ బయల్దేరేవాణ్ణి. నన్ను ముప్ఫై ఏళ్ళు బతికించింది నిప్పు కాదు, ఆ చెంబేనని తర్వాత తెలిసింది.

ఆ ఏడు చైత్రంలో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం చేయించాను. అంతకు ముందు నెల వాళ్ళమ్మాయి పెళ్ళి చేయించింది నేనే. వ్రతమయ్యాక నన్ను కూర్చోబెట్టి పెళ్ళి క్యాసెట్టు వేశారు. చూడకపోయినా బాగుండేది. తెర మీద నా బొట్టు కరిగి ముక్కు మీదుగా గడ్డం దాకా కారుతోంది. గడ్డం మీంచి చుక్కలు చుక్కలుగా చెమట. అందులో ఒక చుక్క హోమంలో పడి చుయ్‌మంది. పిల్లలు అక్కడికి వెనక్కి తిప్పి తిప్పి మూడుసార్లు చూశారు. పెళ్ళికూతురి మామ్మగారికి చూపు ఆనదు. ఆవిడ కళ్ళు చికిలించుకుని చూసి, పిల్లని అత్తారింటికి పంపుతున్నామని మనకన్నా పంతులుగారే ఎక్కువ ఏడ్చారర్రా, పాపం, అంది. ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి చెమట మీద యుద్ధం ప్రకటించాను. మొదట టాల్కం పౌడరు. ఓ పెళ్ళికి మెడకీ ఛాతీకీ డబ్బాలో సగం దులుపుకుని వెళ్ళాను. అరగంటలో అది ముద్దకట్టి, గోడకి సున్నం వేసినవాడు పని మధ్యలో లేచొచ్చినట్టు తయారయ్యాను. తర్వాత నీళ్ళలో వట్టివేళ్ళు నానబెట్టి స్నానం చేశాను. వాసన బాగుంది, చెమట మామూలే. గంధం పూసుకుంటే గంధమే కారింది. మా ఆవిడ కామేశ్వరి, పట్టుపంచె మానేసి పల్చటి నూలుపంచె తడిపి ఆరేసుకుని కట్టుకోమంది, మజ్జిగ ఇంకో గ్లాసు ఎక్కువ తాగమంది. ఆడవాళ్ళకేం తెలుస్తుందని కొట్టిపారేశాను. ఆవిడ చెప్పిన రెండూ సరైనవేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అచ్చులో ఒప్పుకోమంది.

వైశాఖం పెట్టగానే కామేశ్వరి సంతలో రెండు కొత్త కుండలు కొంది. వాటిని వసారాలో ఇసక మీద పెట్టి, ఒకదాన్లో నీళ్ళు పోసింది, రెండోదాన్ని ఖాళీగా ఉంచింది. మధ్యాహ్నం పడకకుర్చీలో పడి వాటికేసి చూస్తున్నాను. నీళ్ళున్న కుండ ఒళ్ళంతా చెమరుస్తోంది. ఖాళీ కుండ పొడిగా, శుభ్రంగా, ముచ్చటగా ఉంది. సరిగ్గా అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. లోపల నీళ్ళుంటే కదా బయటికి చెమట. నీళ్ళే లేకపోతే చెమటెక్కడినుంచొస్తుంది? ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు లోకం మీద జాలేసింది.

మర్నాటినుంచి పొద్దుటి చెంబు మానేశాను. కామేశ్వరికి తెలిస్తే ఊరుకోదు. అందుకని పెరట్లోకి తీసుకెళ్ళి ఆ నీళ్ళు నందివర్ధనం మొక్కకి పోసి, మూతి తుడుచుకుంటూ వచ్చేవాణ్ణి. మజ్జిగ కూడా అక్కడికే. ఆ వేసవిలో మా వీధి మొత్తం మీద పచ్చగా ఉన్నది ఆ మొక్కొక్కటే.

వారం తిరిగేసరికి చెమట తగ్గింది. నిజంగా తగ్గింది. బొట్టు కారడం మానేసింది. వీడియో అతను కూడా, పంతులుగారు ఈమధ్య మంచి కళగా ఉన్నారన్నాడు. తలనొప్పి వస్తుంటే ఎండ అనుకున్నాను. పిక్కలు పట్టేస్తుంటే వయసనుకున్నాను. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. నా పక్కన రెండో పంతులుగా కూర్చునేవాడు మా బావమరిది సూర్యం. మీ మొహం ఏంటో ఎండిపోయినట్టుంది బావా, అని వాడు రెండుసార్లు అన్నాడు. అసూయ అనుకున్నాను.

రోహిణి కార్తె వచ్చిన మూడో రోజున ద్రాక్షారామం దాటాక కాలవగట్టు మీదున్న ఓ ఊళ్ళో పెళ్ళి. పదకొండున్నరకి ముహూర్తం. రేకుల షెడ్డు కింద మండపం కట్టి, గాలి దూరకుండా చుట్టూ రంగుగుడ్డలు బిగించారు. తెల్లవారుజామునే ఇంకో ఊళ్ళో ఒక పెళ్ళి ముగించుకుని, అటునుంచి అటే వచ్చి కూర్చున్నాను. పచ్చి గంగ ముట్టలేదు. పది దాటేసరికి తల దిమ్ముగా ఉంది. ఒళ్ళు పెనం మీద పెట్టినట్టుంది. చెయ్యి పెట్టి మెడ తడుముకుంటే ఇసకలా పొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు. నాకు జీవితంలో అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. సూర్యం వైపు వంగి, చూశావా, ఒక్క చుక్క లేదు, అన్నాను. నాకు గుర్తున్న ఆఖరి మాట అదే.

మిగతాది వాళ్ళూ వీళ్ళూ చెప్పింది. పుణ్యాహవాచనం అయిపోయినా మళ్ళీ మొదలుపెట్టానట. అదయ్యాక మూడోసారి మొదలెట్టానట. పెళ్ళికూతురి తండ్రిని పట్టుకుని నాన్నా అని పిలిచి, ఈ ఊరు మనది కాదు, ఇంటికెళ్ళిపోదాం పద, అన్నానట. ఆయన నాకన్నా పదేళ్ళు చిన్న. ఆ తర్వాత కొబ్బరికాయల మీదికి ఒరిగిపోయాను.

మండపం అంతా గోల. ఒకరు ఉల్లిపాయ నలిపి వాసన చూపించారు. ఒకరు మజ్జిగ తెచ్చి నోట్లో పోయబోయారు. పెళ్ళివారి కారు రామచంద్రపురం స్టేషనరీ కొట్టుకి దేనికో వెళ్ళింది, బస్సు డ్రైవరు భోజనం సంగతి చూసుకోవడానికి మాయమయ్యాడు. సూర్యం రోడ్డు మీదికి పరిగెత్తి, మొదట వచ్చిన బండికి అడ్డంగా నిలబడ్డాడు. సముద్రం ఒడ్డు నుంచి టవునుకి వెళ్తున్న చేపల వ్యాను అది. డ్రైవరూ, పక్కన ఆ సరుకు తాలూకు మనిషి నూకరత్నం అనే ఆవిడా ఉన్నారు. విషయం చెప్పగానే ఆవిడ దిగి లోపలికొచ్చి, ముందు మజ్జిగ పోస్తున్నాయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"తెలివి లేని మడిసి నోట్లో ఏటీ పొయ్యకూడదండి. పొలమారి పోతాడండి," అందట.

నలుగురూ నన్ను మోసుకొచ్చి చేపల పెట్టెల మీద పడుకోబెట్టారు. నూకరత్నం నా పట్టు ఉత్తరీయం తీసి పక్కన పారేసి, పెట్టెలోంచి ఐసు తీసి గుడ్డలో చుట్టి చంకల కింద, మెడ కింద పెట్టింది. తన కొంగు ఐసునీళ్ళలో ముంచి నా ఒళ్ళంతా పులిమింది. వ్యాను వెనక తలుపులు తీసి గాలి తగిలేలా పట్టుకు కూర్చోమని సూర్యంతో చెప్పింది. మడి కట్టుకున్న బావని చేపల ఐసులో పెట్టారని వాడు బెంబేలెత్తిపోయి, అమ్మా, ఇది సరేనంటావా, అని అడిగాడట.

"చేపనే రెండ్రోజులు సెడకుండా ఉంచుతామండి. మడిసిని ఉంచలేమేటండి?" అందట నూకరత్నం.

నేను ఈ మాట తలుచుకుని నవ్వని రోజు లేదు. నవ్విన ప్రతిసారీ కళ్ళు కూడా తడుస్తాయి.

రామచంద్రపురంలో ఓ చిన్న నర్సింగ్ హోముకి తీసుకెళ్ళారు. నాకు తెలివి వచ్చింది మర్నాడు పొద్దున్నే. ఈలోగా ఆ వరండాలో జరిగిందంతా కామేశ్వరి తర్వాత విడతలు విడతలుగా చెప్పింది. ఆవిడ వచ్చేసరికి బల్ల మీద ఒక చివర సూర్యం, ఇంకో చివర తడి చీరతో నూకరత్నం కూర్చునున్నారట. సరుకు కరిగిపోతోందని డ్రైవరు హారను కొడుతున్నా, ఇంటావిడ వచ్చేదాకా కదలనని కూర్చుందట. కామేశ్వరి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయిందట. ఆ తర్వాత నూకరత్నం వ్యానెక్కి వెళ్ళిపోయింది.

నన్నక్కడ వదిలేసి, సూర్యం మళ్ళీ పరుగున వెళ్ళి ముహూర్తం దాటకుండా ఆ పెళ్ళి చేయించొచ్చాడు. సాయంత్రానికి పెళ్ళికూతురి తండ్రి పసుపుబట్టలతోనే ఆస్పత్రికొచ్చి, నన్ను చూసి వెళ్ళాడట. పక్క గదిలో కాలు విరిగిన ముసలాయన తన టేబుల్ ఫ్యాను మా గదికి పంపించేశాడు. నాకు కాలే కదా నొప్పి, గాలి లేకపోయినా ఫరవాలేదన్నాడట. కామేశ్వరి మాత్రం ఆ రోజంతా బల్ల మీద కూర్చుని, డాక్టరు తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడడం, మళ్ళీ కూర్చోవడం. ఎన్నిసార్లు లేచావని అడిగాను. లెక్కపెట్టుకోవడానికి అక్కడేమన్నా జపం చేస్తున్నానా, అంది.

డాక్టరుగారు మా అమ్మాయి వయసుది. చాలా ఓపిక. రెండో రోజున నా పక్కన స్టూలు వేసుకు కూర్చుని, నీళ్ళు ఎందుకు తాగలేదని అడిగింది. కుండ సిద్ధాంతం చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. ఆవిడ నవ్వాపుకుని, ఆ రెండు కుండల్లో దేంట్లో నీళ్ళు చల్లగా ఉంటాయండీ, అంది. ఖాళీ కుండలో నీళ్ళెక్కడివన్నాను.

"చెమర్చే కుండే చల్లగా ఉంటుందండి పంతులుగారూ. చెమట మీకు శత్రువు కాదు. ఆ రోజు చెమట పట్టలేదని మీరు సంతోషించారు చూశారా, అప్పటికే ఒళ్ళు చేతులెత్తేసింది."

మంచం పక్కన నిలబడ్డ కామేశ్వరి నావంక చూసింది. నందివర్ధనం సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఆ చూపుకన్నా సెలైను సూదే నయం.

అరగంటకోసారి నీళ్ళు తాగాలి, వేసవిలో ఒక పూట ఒకే పెళ్ళి, నూలుబట్టలు, చుట్టూ గాలి ఆడాలి, చెమట పడితే పట్టనివ్వాలి అని చెప్పింది డాక్టరుగారు. మళ్ళీ నీళ్ళు లేకుండా మంట ముందు కూర్చుంటే ఈసారి వ్యాను సమయానికి రాకపోవచ్చని కూడా చెప్పింది. అన్నిటికీ తలూపాను. నా మనసు అక్కడ లేదు. అసలు భయం వేరే ఉంది, ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్న మెలకువ రాగానే, అలవాటు కొద్దీ, లోలోపల సంకల్పం చెప్పుకోబోయాను. మనం ఏ దేశంలో, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పుకునే చోటికి వచ్చి ఆగిపోయాను. నది పేరు రాలేదు. పుట్టినప్పటినుంచీ తాగిన నీళ్ళు, రోజూ స్నానం చేసిన కాలవ, దాని పేరు గుర్తు రాలేదు. పక్క గదిలో ముసలాయన ఎవరితోనో గోదావరికి కొత్తనీరు ఎప్పుడొస్తుందో అంటుంటే, అదే, అదే అనుకుని ఏడ్చాను. మళ్ళీ మొదలుపెడితే ఇంకో చోట తెగింది. ఏడేళ్ళ వయసులో మా నాన్నగారు వల్లె వేయించిన మంత్రం అది. అది లేకపోతే నేనెవణ్ణి? చెమట కారే లావుపాటి మనిషిని, అంతే.

ఇంటికొచ్చాక జ్యేష్ఠమంతా మంచం మీదే. వచ్చిన పెళ్ళిళ్ళన్నీ సూర్యానికి అప్పజెప్పాను. నీరసంగా ఉందని అందరికీ చెప్పాను. వసారాలో పడుకుని, ఎవరూ లేనప్పుడు గొణుక్కునేవాణ్ణి. ఎక్కడో ఒక చోట ఖాళీ తగిలేది. బావిలో బాల్చీ జారిపోయినట్టు లోపల ఝల్లుమనేది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. ఓ రోజు కామేశ్వరి వసారాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతోంది. నేను గోడవైపు తిరిగి కన్యాదాన మంత్రం గొణుక్కుంటూ ఒక చోట ఆగిపోయాను. వెనకనుంచి తర్వాతి మాట వినబడింది. తిరిగి చూశాను. ఆవిడ తల ఎత్తలేదు, చిక్కుళ్ళు తుంపుతూనే ఉంది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఆగాను, మళ్ళీ అందించింది. ముప్ఫై ఏళ్ళు వంటింట్లోంచి వింటే నాకు రాదేంటండీ, అంది. ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకని అడిగాను. ఆస్పత్రిలోనే తెలుసట. నా పెదాలు ఆగిన చోటు చూసి కనిపెట్టిందట.

అప్పటినుంచి రోజూ పొద్దున్న ఆవిడ కూర తరుగుతుంటే నేను వల్లె వేసేవాణ్ణి. మొదట్లో పూటకి పదిసార్లు అందించేది, తర్వాత అయిదుసార్లు. ఆఖరికి బీరకాయ చెక్కు తీయడం ఆపి నావంక చూసి, ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదండీ, అంది. పిల్లాడిలా లేచి గెంతాలనిపించింది. మోకాళ్ళు ఒప్పుకోలేదు.

శ్రావణంలో టవున్లోనే ఒక కల్యాణమండపంలో పెళ్ళికి ఒప్పుకున్నాను. ముందురోజు నాకూ కామేశ్వరికీ పెద్ద గొడవే అయింది. చెంబుడు నీళ్ళు ఇంట్లో తాగి వెళ్తాను, మండపంలో మాత్రం తలంబ్రాలయ్యేదాకా ముట్టనన్నాను. నలుగురూ చూస్తుండగా మధ్యలో గ్లాసెత్తితే మా నాన్నగారి పేరేం కావాలన్నాను. మామూలుగా ఆవిడ గొంతు పెంచదు. ఆ వేళ పెంచింది.

"మామయ్యగారు తాటాకు పందిళ్ళ కింద చేయించారు. ఆయనకి రేకులూ లేవు, లైట్లూ లేవు. నిప్పు నిప్పని మురిసిపోతారు మీరు. ఆస్పత్రిలో మీ ఒంటి మీద చెయ్యేస్తే కాలిందండీ నాకు. నాకొద్దు ఆ నిప్పు."

లేచి వసారాలోకి వెళ్ళిపోయాను. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. మర్నాడు నూలుపంచె కట్టుకుని వెళ్ళాను. వానల్లేక ఆ రోజు గాలి బిగదీసి, కిటకిటలాడే మండపంలో ఊపిరాడడం లేదు. కామేశ్వరి ఆడవాళ్ళలో మూడో వరసలో కూర్చుంది. మొదటి వరసలో మా నాన్నగారిని ఎరిగున్న పెద్దాయన ఒకరు, చేతికర్ర మీద గడ్డం ఆనించి నన్నే చూస్తున్నారు. పెళ్ళికూతురిని తెర వెనక కూర్చోబెట్టారు. మహాసంకల్పం ఎత్తుకున్నాను. దేశం చెప్పాను, కొండ చెప్పాను, నది పేరు చెప్పాల్సిన చోటికి వచ్చాను. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

సన్నాయి ఆగింది. సూర్యం అందించబోయాడు, చేత్తో వారించాను. మూడో వరసలో కామేశ్వరి పెదాలు కదలడం కనబడుతోంది, ఇంతదూరం వినబడదు. ఆవిడ మొహంలో ఆస్పత్రి వరండాలో ఎలా ఉండుంటుందో అదంతా కనబడింది. మా నాన్నగారి పేరు, ముప్ఫై ఏళ్ళ పేరు, అంతా ఆ క్షణంలో నాకు చాలా చిన్నవిగా అనిపించాయి. నాకు నా మంత్రం కావాలి, ఇంటికి వెళ్ళాలి, అంతే.

"కొంచెం మంచినీళ్ళిప్పించండి," అన్నాను.

మెడకి తగిలించిన మైకు సంగతి మర్చిపోయాను. హాలు హాలంతా వినబడింది. ఎవరో ఇత్తడి గ్లాసు అందించారు. కళ్ళు మూసుకుని తాగాను. చల్లగా గొంతు దాటి గుండెలదాకా దిగడం తెలిసింది. వెంటనే నుదురు చెమర్చింది. బొట్టు కరిగి ముక్కు మీదికి రావడం కూడా తెలిసింది, రానిమ్మన్నాను. కళ్ళు తెరిచి గోదావరి అన్నాను. అక్కడినుంచి మంత్రం దానంతటదే సాగింది. సంకల్పం ముగించి, అప్పుడు ధైర్యం చేసి మొదటి వరసకేసి చూశాను. పెద్దాయన మొహంలో ఏమీ లేదు. తండ్రి పేరు చెడగొట్టాడంటారేమోనని ఇన్నాళ్ళూ నేను భయపడ్డ ఆ మాట ఎవరి నోటా రాలేదు.

ఇంతలో తెర వెనకనుంచి గాజుల చప్పుడైంది. తెర అంచు కిందనుంచి గోరింటాకు పెట్టిన చెయ్యి ఒకటి మెల్లిగా బయటికొచ్చింది.

"పంతులుగారండీ, నాక్కూడా కొంచెం ఇప్పిస్తారా? పొద్దున్నుంచీ నోరెండిపోతోందండీ."

ముహూర్తానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ముందు అమ్మాయికిచ్చి, తర్వాత అబ్బాయికీ, కన్యాదాతలకీ ఇవ్వమని సూర్యానికి చెప్పాను. చెంబు పీటల చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఎవరెంత తాగారో చూస్తూ కూర్చున్నాను, చెమట కారుతూనే ఉంది. ముప్ఫై ఏళ్ళలో నా ఎదట పీటల మీద కూర్చున్న పిల్లలెవరూ నన్ను నీళ్ళడగలేదు. అడగొచ్చని వాళ్ళకి తెలిస్తే కదా.